దొరగారు పన్ను కడతారట!

ఏటా జూన్ వచ్చేసరికి అమెరికా బాస్కెట్‌బాల్ లోకంలో ఒక శుభవార్త బయల్దేరుతుంది. ఫలానా జట్టు ఓనరుగారు ఈసారి లగ్జరీ టాక్సు కట్టడానికి సుముఖంగా ఉన్నారట. ఆ మాట ఆయన తన నోటితో అనడు. అంటే రేపు ఎవరైనా నిలదీస్తారు. అందుకని ఆయన ఆంతరంగిక వర్గాలు అంటాయి, పత్రికలు రాస్తాయి, టీవీలో నలుగురు కూర్చుని ఆ సుముఖత ఎన్ని కోట్ల లోతుందో తేలుస్తారు. అభిమానులు కళ్లు తుడుచుకుని, మా దొర బంగారం అంటారు.

పన్ను కట్టడానికి ఒప్పుకున్నందుకు మనిషికి హారతి పట్టే చోటు నాకు తెలిసి ఇదొక్కటే. ఇంటిపన్ను వసూలు చేసే ఏ మున్సిపాలిటీ అయినా మీ సుముఖత గురించి ఎప్పుడైనా వాకబు చేసిందా? చెయ్యదు. గడువు దాటితే వడ్డీ వేస్తుంది, ఇంకా మొండికేస్తే నల్లా కనెక్షన్ పీకేస్తుంది. ఇష్టాయిష్టాలు అడిగి వసూలు చేసే మర్యాద వేల కోట్లు ఉన్నవాళ్లకే దక్కుతుంది.

ఇంతకీ ఏమిటీ పన్ను? మన ఐపీఎల్‌లో ఈ పీడ లేదు. 2025 సీజను వేలానికి పర్సు 120 కోట్ల రూపాయలన్నారు. సన్‌రైజర్స్ అయినా మరొకరైనా 121వ కోటి జేబులోంచి తీస్తే అందుకునే నాథుడు లేడు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏ వాళ్లు 1984-85లో జీతాలకు పరిమితి పెట్టినప్పుడు మాత్రం దానికి దొడ్డిదారులు బోలెడు వదిలారు. సొంత ఆటగాణ్ని నిలుపుకోవడానికి పరిమితి దాటొచ్చన్నారు. దాటారు. దాటడమే ఆనవాయితీ అయింది. అప్పుడు 1999 ఒప్పందంలో ఇంకాస్త ఎత్తున రెండో గీత గీసి, అది దాటితే దాటిన ప్రతి డాలరుకూ ఇంకో డాలరు కక్కాలన్నారు. 2002-03 నుంచి వసూళ్లు మొదలయ్యాయి. 2011లో ఓనర్లు ఆటగాళ్లను బయటపెట్టి తాళాలేసి, 82 మ్యాచ్‌ల సీజనును 66కి కోసి, పట్టుపట్టి సాధించిన ఒప్పందంలో డాలరుకు డాలరు లెక్క పోయి శ్లాబులొచ్చాయి. 2013-14 నుంచి 2024-25 దాకా, గీత దాటిన తొలి 50 లక్షల డాలర్ల మీద డాలరుకు డాలరున్నర. తర్వాతి మెట్టు మీద 1.75, ఆ తర్వాత 2.50, ఆపైన 3.25. మెట్లకు అంతు లేదు. తరచూ దాటే పాత పాపులకు ప్రతి మెట్టు మీదా ఇంకో డాలరు అదనం పడేది. 2024-25లో ఆ గీత 17.08 కోట్ల డాలర్ల దగ్గర ఉంది.

ఈ పన్ను వేసింది ఏ సర్కారూ కాదు. ఇందులో ఒక్క సెంటు కూడా బడికో రోడ్డుకో పోదు. ఓనర్లే గదిలో కూర్చుని ఓనర్ల మీద వేసుకున్నారు. పక్కవాడి కంటే మంచి ఆటగాణ్ని తెచ్చుకోవాలన్న ఆశ తమలో ఎవరికైనా పుడితే దాన్ని మొగ్గలోనే తుంచడానికి వేసుకున్నారు. ఆటగాళ్లకు ఎక్కువ ఇవ్వకుండా తమ చేతులు తామే కట్టేసుకుని, ఆ కట్లు చూపించి, చూశారా మా అవస్థ అని కంటతడి పెడతారు.

అసలు చమత్కారం పంపకంలో ఉంది. వసూలైన దాంట్లో సగం దాకా గీత దాటని జట్లకు సమానంగా పంచిపెడతారు. ఒక్కో జట్టుకు కోటి డాలర్ల పైన ముట్టిన ఏళ్లున్నాయి. అంటే మంచి ఆటగాణ్ని పోనిచ్చిన పిసినారికి, పోనివ్వని వెర్రివాడి ఖర్చుతో బహుమతి. పైగా పన్ను లెక్క తీసేది రెగ్యులర్ సీజను ఆఖరి రోజు ఉన్న జీతాల పద్దును బట్టి. అందుకే ఫిబ్రవరిలో ట్రేడ్ల గడువు ముంచుకొచ్చేసరికి, జమాబందీకి ముందురోజు ధాన్యం పక్కింటి గాదెలోకి మోసినట్టు, మనుషుల్ని వేరే ఊళ్లకు మోసేస్తారు. తీసుకోవయ్యా బాబూ అని ఎదురు డబ్బిచ్చి, పైన ఒక డ్రాఫ్ట్ పిక్ (కొత్త కుర్రాణ్ని ఎంచుకునే హక్కు) కూడా పెట్టి మరీ పంపిస్తారు. ఆ ఆటగాడు మూటా ముల్లె సర్దుకుని, పిల్లల్ని బడి మాన్పించి వెళతాడు. ఇక్కడ ఓనరు గీతకు ఇవతల పడి ఊపిరి పీల్చుకుంటాడు.

న్యూ ఆర్లియన్స్, షార్లెట్ జట్లు ఈ పన్ను ఎన్నడూ కట్టిన పాపాన పోలేదు. షార్లెట్ దగ్గర ఒక్క క్షణం ఆగాలి. 1998 లాకౌట్ చర్చల్లో ఆటగాళ్ల తరఫున కూర్చున్న మైకేల్ జోర్డాన్, నష్టాలొస్తున్నాయని గోలపెడుతున్న వాషింగ్టన్ ఓనరు ఏబ్ పోలిన్‌తో, లాభం తీయడం చేతకాకపోతే జట్టు అమ్ముకో అని మొహం మీదే అన్నాడు. ఆటగాళ్లు ఈలలేసిన మాట అది. 2010లో అదే జోర్డాన్ 27.5 కోట్ల డాలర్ల విలువ కట్టిన షార్లెట్ జట్టుకు దొర అయ్యాడు. 2011 లాకౌట్‌లో బల్లకు అవతలి పక్క కుర్చీ వేసుకున్నాడు. 2023లో 300 కోట్ల డాలర్ల విలువకు పెద్ద వాటా అమ్మేశాడు. ఆ మధ్యకాలంలో లగ్జరీ టాక్సు కింద కట్టింది సున్నా. తన సలహా తాను పాటించాడు కదా అంటే, ఒక విధంగా పాటించాడు. అమ్మాడు.

కానీ ఈ సుముఖత పురాణంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన కాండ ఓక్లహామా సిటీది.

2006లో స్టార్‌బక్స్ హోవర్డ్ షుల్ట్జ్ తన సియాటిల్ సూపర్‌సోనిక్స్‌ను క్లే బెనెట్ బృందానికి 35 కోట్ల డాలర్లకు అమ్మాడు. బెనెట్‌దీ, ఆయన భాగస్వాములదీ ఓక్లహామా. సియాటిల్‌లోనే ఉంచడానికి శాయశక్తులా ప్రయత్నిస్తామని ఊరికి చెబుతూ వచ్చారు. 2007 ఆగస్టులో భాగస్వాముల్లో ఒకడైన గ్యాస్ కంపెనీ ఆసామి ఆబ్రీ మెక్లెండన్ నోరు జారి, సియాటిల్‌లో ఉంచడానికి మేం కొనలేదని ఒక పత్రికతో అనేశాడు. లీగు ఆయనకు 2.5 లక్షల డాలర్ల జరిమానా వేసింది. ఈ లీగులో నిజం మీద కూడా పన్నుంది. 2008లో జట్టు సామాను సర్దుకుని ఓక్లహామా సిటీకి వెళ్లనే వెళ్లింది. ఆ మార్చిలోనే అక్కడి ఓటర్లు, జట్టు వస్తే చాలని, స్టేడియం బాగుచేయడానికీ ప్రాక్టీసు హాలు కట్టడానికీ తమ కొనుగోళ్ల మీద డాలరుకు సెంటు పన్ను పొడిగించుకున్నారు. 12 కోట్ల డాలర్లు. కట్టడానికి మీరు సుముఖమేనా అంటే అవునని ఓటేసి మరీ కట్టారు.

సరే, జట్టు. ఈ జట్టు అదృష్టంలో కొంత భాగం ఇంకొక దొర పిసినారితనం నుంచి వచ్చింది. ఫీనిక్స్ సన్స్ అప్పటి ఓనరు రాబర్ట్ సార్వర్ ఎంగిలి చేత్తో కాకిని తోలని రకం. 2007 జూలైలో, లగ్జరీ టాక్సు తప్పించుకోవడానికి, కర్ట్ థామస్ అనే ఆటగాడినీ అతనితోపాటు రెండు మొదటి రౌండ్ పిక్‌లనూ సియాటిల్‌కు దాదాపు ఊరికే ఇచ్చేశాడు. తీసుకున్నందుకు కృతజ్ఞతలు అన్న ధోరణిలో. అందులో ఒక పిక్‌తో 2008లో సెర్జ్ ఇబాకా దొరికాడు. అతని పక్కన 2007 డ్రాఫ్టులో కెవిన్ డ్యూరాంట్, 2008లో రసెల్ వెస్ట్‌బ్రూక్, 2009లో జేమ్స్ హార్డెన్. నలుగురూ పాతికేళ్లు దాటని కుర్రాళ్లు. 2012లో ఫైనల్ ఆడేశారు. మయామీ చేతిలో ఓడిపోయారు గానీ, వీళ్ల చేతుల్లో ఇంకా పదేళ్లున్నాయని ఆట తెలిసిన ప్రతివాడూ అన్నాడు.

పదేళ్లు కాదు, నాలుగు నెలలున్నాయి. ఆ ఆగస్టులో ఇబాకాకు నాలుగేళ్ల కాంట్రాక్టు ఇచ్చారు. ఇక హార్డెన్ వంతు. నాలుగేళ్లకు 5.5 కోట్ల డాలర్లకు కాస్త అటూ ఇటూగా ఇస్తామన్నారు. అతనికి రాగల గరిష్ఠం సుమారు 6 కోట్లు. తేడా 50 లక్షల చిల్లర, అదీ నాలుగేళ్లకు కలిపి. మరుసటి ఏడాది నుంచి కొత్త శ్లాబులు వస్తాయి, పన్ను పడుతుంది, చిన్న ఊరు, మేం తట్టుకోలేం అన్నారు. 2012 అక్టోబరు 27న, సీజను మొదలవడానికి మూడు నాలుగు రోజుల ముందు, కుర్రాణ్ని హూస్టన్‌కు పంపేశారు. ఫీనిక్స్ దొర పన్నుకు భయపడి వదిలేసిన పిక్‌తో వచ్చినవాణ్ని అట్టేపెట్టుకుని, తామే పన్నుకు భయపడి ఇంకొకణ్ని వదిలేశారు. పిసినారితనం అంటువ్యాధి అని వైద్యులింకా ధ్రువీకరించలేదు.

తర్వాత జరిగింది చెబితే ఎవరో కక్షగట్టి రాసిన కథలా ఉంటుంది. 2014లో డ్యూరాంట్ ఎంవీపీ, అంటే ఆ ఏటి మేటి ఆటగాడు. 2017లో వెస్ట్‌బ్రూక్ ఎంవీపీ. 2018లో హార్డెన్ ఎంవీపీ, హూస్టన్ బనీనులో. ఆ ముగ్గురూ ఒకే బెంచీ మీద కూర్చున్న జట్టుకు ఒక్క కప్పూ రాలేదు. డ్యూరాంట్ 2016లో గోల్డెన్ స్టేట్‌కు వెళ్లిపోయాడు. ఇంకా విడ్డూరం, ఆ ఓనర్లే తర్వాత పన్ను కట్టారు. 2018-19లో 6 కోట్ల డాలర్ల పైచిలుకు కట్టారు. ఆ ఏడు మొదటి రౌండులోనే పోర్ట్‌లాండ్ చేతిలో చిత్తయ్యారు. 50 లక్షల దగ్గర పిడికిలి బిగించిన చేయి, ఫలం లేని చోట 6 కోట్లకు తెరుచుకుంది. చిన్న ఊరు అప్పటికి పెద్దదైపోయిందని కూడా ఎవరూ చెప్పలేదు.

కట్టిన ప్రతివాడూ కర్ణుడేనా అంటే, కాదు. రష్యన్ కుబేరుడు మిఖాయిల్ ప్రోఖోరోవ్ 2013-14లో బ్రూక్లిన్ జట్టు కోసం 9 కోట్ల డాలర్ల పన్ను విసిరేశాడు. ఆ డబ్బుతో వయసు మళ్లిన మహానుభావుల్ని పోగేసి, వాళ్ల కోసం బోస్టన్‌కు పిక్‌లు ధారపోసి, రెండో రౌండులో ఇంటికొచ్చాడు. ఆ పిక్‌లతోనే బోస్టన్ జేలెన్ బ్రౌన్‌నూ జేసన్ టేటమ్‌నూ తెచ్చుకుంది. ఫీనిక్స్‌లో సార్వర్ పోయి 2023లో మ్యాట్ ఇష్బియా వచ్చాడు, 400 కోట్ల డాలర్ల విలువకు. ఇతను పాత దొరకు పూర్తి విరుగుడు. పన్నంటే లెక్కలేదు. 2024-25లో 15 కోట్ల డాలర్ల పైన పన్ను కట్టాడు. ఆ సీజనులో అతని జట్టు 36 గెలిచి 46 ఓడి, ప్లేఆఫ్ గడప కూడా తొక్కలేదు. అయినా ఫీనిక్స్ అభిమాని అతణ్ని పల్లెత్తు మాటనడానికి జంకుతాడు. మా దొర కట్టాడు కదా!

గోల్డెన్ స్టేట్ ఓనరు జో లేకబ్ సంగతి వేరు. ఇతను కట్టి గెలిచాడు. 2021-22లో 17 కోట్ల డాలర్ల పన్ను, కప్పు. ఆ తర్వాతి రెండేళ్లూ అదే స్థాయిలో కట్టాడు. మొత్తం మూడేళ్లకు 50 కోట్ల డాలర్ల పైమాటే. 2022 వేసవిలో ఒక పాడ్‌కాస్ట్‌లో, మా ఆటగాళ్లను మేమే డ్రాఫ్ట్ చేసి పెంచుకున్నాం, వాళ్లను ఉంచుకున్నందుకు ఇంత పన్నా, అన్యాయం అన్నాడు. అన్నదాంట్లో న్యాయముంది. లీగు 5 లక్షల డాలర్ల జరిమానా వేసింది. పాపం అనిపిస్తే ఒక్క లెక్క చూడండి. 2010లో అతనూ భాగస్వాములూ ఆ జట్టును కొన్నది 45 కోట్ల డాలర్లకు. 2024లో ఫోర్బ్స్ కట్టిన విలువ 880 కోట్లు. మూడేళ్ల ఆ త్యాగం, నిద్రపోతుండగా పెరిగిన ఆస్తిలో ఆరు శాతం.

దొరల త్యాగం సంగతి వచ్చింది కనుక స్టీవ్ బామర్‌ను కూడా పలకరించి పోదాం. మన హైదరాబాదీ సత్య నాదెళ్లకు మైక్రోసాఫ్ట్ కుర్చీ అప్పగించిన 2014లోనే ఈయన 200 కోట్ల డాలర్లు పెట్టి లాస్ ఏంజెలెస్ క్లిప్పర్స్‌ను కొనుక్కున్నాడు. లగ్జరీ టాక్సు అంటే జంకే మనిషి కాదు. 2022-23లో 14 కోట్ల డాలర్ల దాకా కట్టాడని అభిమానులు తలుచుకుంటారు. సర్కారు పన్ను మాటేమిటి? అమెరికాలో జట్టు కొన్నవాడు ఆ కొన్న ధరను దాదాపు పూర్తిగా, పదిహేనేళ్లలో అరిగిపోయే ఆస్తిగా చూపించి ఆదాయంలోంచి కోసుకోవచ్చు. ఏటా విలువ పెరిగేదాన్ని ఏటా అరుగుతున్నట్టు రాసుకోవడం అక్కడ చట్టసమ్మతం. ప్రోపబ్లికా 2021లో ఆదాయపు పన్ను కాగితాలు తిరగేసి ఏం తేల్చిందంటే, 2018లో బామర్ కట్టిన ఫెడరల్ పన్ను రేటు 12 శాతం. ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ కట్టింది 35.9 శాతం. అప్పట్లో వీళ్ల మ్యాచ్‌లు జరిగిన స్టేడియంలో తినుబండారాలు అమ్మే ఒక ఉద్యోగిని, ఏడాదికి 45 వేల డాలర్ల లోపు సంపాదన, కట్టింది 14.1 శాతం. ఆమె సుముఖత గురించి ఏ చానెలూ చర్చ పెట్టలేదు.

2023 ఒప్పందంతో దొరలకు ఇంకా మంచి రోజులొచ్చాయి. పన్ను గీతకు పైన సెకండ్ ఏప్రన్ అని మరో గీత పెట్టారు. అది దాటినవాడు డబ్బుతో పాటు చేతులు కూడా పోగొట్టుకుంటాడు. ఇద్దరు ఆటగాళ్ల జీతాలు కలిపి ట్రేడ్ చేయకూడదు, ట్రేడులో నగదు ఇవ్వకూడదు, ఏడేళ్ల తర్వాతి మొదటి రౌండ్ పిక్ కూడా స్తంభించిపోతుంది. ఇదివరకు ఆటగాణ్ని వదిలేస్తే పిసినారి అనేవాళ్లు. ఇప్పుడు ఎంత నిబ్బరంగా చెప్పొచ్చో చూడండి: డబ్బు సమస్యే కాదండీ, నిబంధనలు ఒప్పుకోవు. ఆ నిబంధనలకు ఓటేసినవాళ్లెవరని మాత్రం అడక్కూడదు. బోస్టన్ 2024 జూన్‌లో కప్పు గెలిచింది. రెండు వారాలకు, జూలై 1న, ఓనర్లు జట్టును అమ్మకానికి పెట్టారు. 2002లో 36 కోట్లకు కొన్నది 610 కోట్ల డాలర్ల విలువకు బేరం తెగింది. 2025 వేసవిలో, జీతాలూ పన్నూ కలిసి 50 కోట్లకు చేరతాయని అంచనాలు రాగానే, కప్పు తెచ్చిన ఆటగాళ్లలో హాలిడేను పోర్ట్‌లాండ్‌కు, పోర్జింగిస్‌ను అట్లాంటాకు పంపేశారు. 610 కోట్లు పలికిన ఇంట్లో కూడు పెట్టడానికి ఇద్దరు ఎక్కువయ్యారు.

ఇక 2025 ఫైనల్. ఓక్లహామా సిటీ, ఇండియానా. లగ్జరీ టాక్సు పుట్టాక, పన్ను కట్టని రెండు జట్లే ఫైనల్‌కు రావడం అదే మొదటిసారి. పొదుపరుల పండగ. ఇండియానా ఓనరు హెర్బ్ సైమన్, మాల్స్ కట్టి కోట్లు గడించిన ఆసామి, 1983లో అన్నతో కలిసి కోటి డాలర్ల పైచిలుకుకు జట్టు కొన్నాడు. అప్పటికి ఇరవై ఏళ్లుగా పన్ను గీత దాటలేదు. ఈసారి మాత్రం, పదేళ్లుగా జట్టును అంటిపెట్టుకుని ఉన్న మైల్స్ టర్నర్ కోసం దాటడానికి సుముఖంగా ఉన్నాడని వార్తలు గుప్పుమన్నాయి. జూన్ 22న ఏడో మ్యాచ్‌లో వాళ్ల స్టార్ హాలిబర్టన్ కాలి మడమ నరం తెగింది. తొమ్మిది రోజులకు టర్నర్ మిల్వాకీతో ఒప్పందం చేసుకున్నాడు. దొరగారి సుముఖత చెక్కు కౌంటరు దాకా నడవలేకపోయింది. నరం ఎవరిది తెగిందో ఇప్పటికీ వాదించుకుంటున్నారు.

కప్పు ఓక్లహామా సిటీకి వచ్చింది. ఆ జూలైలోనే ముగ్గురు ఆటగాళ్లకు కలిపి 80 కోట్ల డాలర్ల పైకి వెళ్లగల కాంట్రాక్టులు రాశారు. అందులో ఇద్దరి కొత్త జీతాలు మొదలయ్యే 2026-27లో పన్ను బిల్లు భారీగా ఉంటుందని అంచనా. మళ్లీ చిన్న ఊరు పాట ఎత్తుకుంటారా, ఈసారైనా జేబు విప్పుతారా అన్న ఉత్కంఠ ఉంది.

ఊరివాళ్ల విషయంలో ఆ ఉత్కంఠ లేదు. 2002లో తెరిచిన స్టేడియం పాతబడిందట. 2023 డిసెంబరులో కొత్తదానికి మళ్లీ ఓటింగ్ పెట్టారు. కనీసం 90 కోట్ల డాలర్ల కట్టడం. అందులో ఓనర్ల వాటా 5 కోట్లు. మిగతాది జనం డబ్బు, ముఖ్యంగా అదే డాలరుకు సెంటు పన్ను, 2028 నుంచి ఆరేళ్లు. 71 శాతం మంది సరేనన్నారు. కిరాణా మీద రాష్ట్రం తన అమ్మకపు పన్ను 2024లో ఎత్తేసింది గానీ ఊరి పన్నులు అలాగే ఉన్నాయి కనుక, పాలూ రొట్టే కొన్నవాడు కూడా స్టేడియానికి చందాదారే. 85 కోట్లను 72 నెలలకు పంచితే నెలకు కోటి పైనే పడుతుంది. 2012లో హార్డెన్ దగ్గర తెగని ఆ 50 లక్షల బేరం, ఈ లెక్కన, ఓక్లహామా సిటీ జనం కొట్టు దగ్గర కట్టే రెండు వారాల చిల్లర.